సైటులో రాసే ప్రతి కాగితానికీ ఇద్దరు పాఠకులు

"సార్, 3వ స్లాబ్ రెడీ. రేపు కాంక్రీట్. ఒకసారి చూసుకోండి."

సాయంత్రం ఆరు దాటాక సైట్ వాట్సాప్ గ్రూపులో ఇలాంటి మెసేజ్ పడుతుంది. పంపిన సూపర్‌వైజర్‌కు అందులో లోటేమీ కనిపించదు, ఎందుకంటే స్లాబ్ అతని కళ్ల ముందే ఉంది. ఆఫీసులో కూర్చున్న స్ట్రక్చరల్ ఇంజనీరుకు మాత్రం మొదటి మాట దగ్గరే చిక్కు. హైదరాబాద్‌లో మామూలుగా కట్టే స్టిల్ట్ ప్లస్ 5 అంతస్తుల భవనంలో పార్కింగ్ మీద వేసేది 1వ స్లాబ్. ఆ లెక్కన 3వ స్లాబ్ అంటే 3వ అంతస్తుకు నేల, 2వ అంతస్తుకు కప్పు. కరెంటు పనివాడికి "3వ అంతస్తు స్లాబ్" అని చెబితే 3వ అంతస్తు కప్పు అనుకుంటాడు. అది 4వ స్లాబ్. ఈ ఒక్క తేడాతో ఫ్యాన్ బాక్సులు, పైపులు వేయాల్సిన మనిషి రావాల్సిన రోజు రాకుండా పోతాడు.

స్లాబ్ మొత్తమా, సగమా? ఏ డ్రాయింగ్, ఏ రివిజన్ ప్రకారం రాడ్ కట్టారు? కాంక్రీట్ ఎంత, ఏ గ్రేడ్? రేపు ఎన్ని గంటలకు? చూసుకోవాల్సింది ఎవరు, ఎప్పటిలోగా? ఇవేవీ మెసేజ్‌లో లేవు. ఐదు ఫోన్‌కాల్స్ చేస్తే జవాబులు దొరుకుతాయి. కానీ ఆ జవాబులు ఎక్కడా మిగలవు. రెండేళ్ల తర్వాత ఆ స్లాబ్‌లో పగులు కనిపిస్తే, ఆ రోజు ఎవరు ఏం చూశారో చెప్పే కాగితం ఉండదు.

సైటులో రాసే ప్రతి కాగితానికీ ఇద్దరు పాఠకులు ఉంటారు. ఒకరు రేపు ఉదయం దాన్ని పట్టుకుని పనిచేసే మేస్త్రీ. రెండోవారు ఏళ్ల తర్వాత తెరిచే అపరిచితుడు: ఆడిటరో, ఆర్బిట్రేటరో, రిపేరుకు వచ్చిన కొత్త ఇంజనీరో. మొదటివాడికి క్లుప్తంగా, తికమక లేకుండా కావాలి. రెండోవాడికి సందర్భం కావాలి, తేదీ కావాలి, సంతకం కావాలి. సైటు రాతల్లో చాలావరకు వీరిద్దరిలో ఒకరిని మరిచిపోవడం వల్లే చెడిపోతాయి. వాట్సాప్ మెసేజ్ రెండోవాడిని మరుస్తుంది. "పైన సూచించిన విషయమై తమరికి తెలియజేయునది ఏమనగా" అని మొదలయ్యే ఉత్తరం మొదటివాడిని మరుస్తుంది.

పై మెసేజ్‌నే ఇలా రాయవచ్చు: "3వ స్లాబ్, అంటే 2వ అంతస్తు కప్పు. గ్రిడ్ ఎ నుంచి ఇ, 1 నుంచి 4. డ్రాయింగ్ ఎస్-203, రివిజన్ 2. ఎం25 గ్రేడ్ కాంక్రీట్, 42 ఘనపు మీటర్లు. రాడ్, సెంట్రింగ్, కరెంటు పైపులు, శానిటరీ స్లీవ్‌లు పూర్తయ్యాయి. బాల్కనీ పై రాడ్‌కు చైర్లు మాత్రం రాత్రి 8కి పూర్తవుతాయి. పోత రేపు, 3వ తేదీ ఉదయం 7కి. ఈ రాత్రి 8 నుంచి 9 మధ్య తనిఖీ చేసి పోర్ కార్డుపై సంతకం చేయగలరు." పోర్ కార్డు అంటే పోతకు ముందు తనిఖీ నమోదు చేసే కాగితం. ఈ మెసేజ్ టైప్ చేయడానికి రెండు నిమిషాలు చాలు. ఇంకా పూర్తికాని పనిని దాచకుండా రాయడం ఇందులో అన్నిటికన్నా విలువైనది. చైర్లు, అంటే పై రాడ్‌ను ఎత్తి నిలిపే ఆనికలు, లేకపోతే బాల్కనీ పై రాడ్ తొక్కుడుకు కిందికి దిగిపోవడం మన దగ్గర మామూలు. తనిఖీకి వచ్చినవారి చూపు అక్కడికే పోవాలి.

42 ఘనపు మీటర్లు అని అంకె వేస్తే మరికొన్ని లెక్కలు వాటంతట అవే తేలుతాయి. 6 ఘనపు మీటర్ల ట్రాన్సిట్ మిక్సర్లు 7 రావాలి. కాంక్రీట్ పనికి భారతీయ ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం 31 నుంచి 50 ఘనపు మీటర్ల పోతకు కనీసం 4 శాంపిళ్లు, శాంపిల్‌కు 3 క్యూబులు (బలం పరీక్షించే కాంక్రీట్ దిమ్మలు), అంటే 28 రోజుల పరీక్షకే 12 క్యూబులు. 7 రోజుల ఫలితం కూడా కావాలంటే అచ్చులు అంతకు మించి సిద్ధం చేసుకోవాలి. అంకె లేని మెసేజ్ వెళ్తే పోత మధ్యలో అచ్చుల కోసం పక్క సైటుకు పరుగెత్తాల్సి వస్తుంది.

కాగితం మీద లేని ఫోన్ మాట

రాయకపోతే ఏమవుతుందో చెప్పడానికి ఇంజనీరింగ్ కాలేజీల్లో ఇప్పటికీ చెప్పే ఉదాహరణ అమెరికాలోని కాన్సాస్ సిటీది. అక్కడి హయత్ రీజెన్సీ హోటల్ లాబీలో, 1981 జులై 17న, వేలాడే నడవాలు రెండు కూలి 114 మంది చనిపోయారు. 4వ అంతస్తు నడవా, దాని కిందనే 2వ అంతస్తు నడవా. మొదటి డిజైన్‌లో పైకప్పు నుంచి ఒకే పొడవాటి ఉక్కు రాడ్ దిగి రెండు నడవాలనూ మోయాలి. అంత పొడవునా మర తిప్పి నట్టు ఎక్కించడం కష్టం. అందుకని తయారీ దశలో రాడ్‌ను రెండు ముక్కలు చేశారు. ఒక ముక్క పైకప్పు నుంచి 4వ అంతస్తు నడవా దాకా, రెండో ముక్క ఆ నడవా నుంచి కిందిదానికి.

చూడటానికి చిన్న మార్పు. తాడు పట్టుకుని ఇద్దరు వేలాడటానికీ, ఒకరు తాడు పట్టుకుంటే రెండోవారు మొదటివారి కాళ్లు పట్టుకుని వేలాడటానికీ ఉన్న తేడా అది. పై నడవా బీమ్ కింద ఉన్న నట్టు మీద బరువు రెట్టింపయింది. అసలు డిజైనే నిబంధన కోరినంత బలంగా లేదని, మార్పు తర్వాత అది తన సొంత బరువును మోయడానికే అంతంత మాత్రంగా మిగిలిందని తర్వాతి దర్యాప్తులో తేలింది.

ఇక్కడ రాతకు సంబంధించిన సంగతి వేరే ఉంది. మార్పుకు ఫోన్‌లో ఒప్పుకున్నారని తయారీ సంస్థ అంది. అలాంటి ఫోన్ రాలేదని ఇంజనీర్లు అన్నారు. ఆ మాటను ఖరారు చేసే ఉత్తరం లేదు. మార్పు కనిపించే షాప్ డ్రాయింగ్ (తయారీ కోసం గీసిన డ్రాయింగ్) మీద మాత్రం ఇంజనీరు స్టాంపు ఉంది. దాంతో బాధ్యత అక్కడే నిలిచింది. బాధ్యులైన ఇంజనీర్లు మిస్సోరీ రాష్ట్రంలో తమ లైసెన్సులు పోగొట్టుకున్నారు. "రాడ్ అమరిక మారింది, పై జాయింట్ మీద బరువు మళ్లీ లెక్కగట్టండి" అని ఎవరైనా ఒక్క వాక్యం రాసి ఉంటే, చదివినవాడు కాలిక్యులేటర్ తీసేవాడు. మార్పును కేవలం బొమ్మలో చూపించడం వేరు, ఇది మార్పు అని మాటల్లో చెప్పడం వేరు. అందుకే డ్రాయింగ్ రివైజ్ చేసినప్పుడు మారిన చోట మబ్బు ఆకారంలో గీత చుట్టి, రివిజన్ పట్టికలో ఏం మారిందో, ఎందుకో రాయాలి. "జనరల్ రివిజన్" అని రాసే అలవాటు ఒకటుంది. దానికంటే ఏమీ రాయకపోవడం నయం. కనీసం చదివేవాడు అనుమానంతో మొత్తం చూస్తాడు.

పాత రివిజన్ల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. కొత్త షీటు పంపడంతో పని పూర్తి కాదు, పాతది వెనక్కి రావాలి. రాడ్ బెండర్ షెడ్డులో మేకుకు గుచ్చిన ఏ3 ప్రింటు నెలల తరబడి అక్కడే వేలాడుతుంది. కొత్తది ఇచ్చేటప్పుడు పాతదాని మీద అడ్డంగా "రద్దు" అని ఎర్ర పెన్నుతో రాసి తెచ్చుకోవాలి. ఎవరికి ఏ రివిజన్ ఏ తేదీన ఇచ్చారో రిజిస్టరులో సంతకం తీసుకోవాలి. ఫోన్‌లో పీడీఎఫ్‌లు తిరిగే కాలంలో ఇది మరీ కష్టం. అందుకని కొన్ని సైట్లలో ఫైలు పేరులోనే రివిజన్, తేదీ పెడతారు. "ఫైనల్", "ఫైనల్ కొత్తది", "ఫైనల్ ఇదే" అనే పేర్లతో మూడు ఫైళ్లున్న సైటులో ఏది ఫైనలో తేల్చడం జోస్యం చెప్పడమే.

రెండర్థాల మాటలు

సైటులో వాడే మాటల్లో కొన్నింటికి అందరూ ఒకే అర్థం అనుకుంటారు, కాని ఉండదు. "10 ఎంఎం రాడ్, 150 గ్యాప్" అన్నదే తీసుకోండి. డిజైనర్ ఉద్దేశం రాడ్ మధ్య నుంచి రాడ్ మధ్యకు 150. గ్యాప్ అనే మాట చూసి బెండర్ రాడ్ల నడుమ ఖాళీ 150 పెడితే, మధ్య నుంచి మధ్యకు 160 అవుతుంది. మీటరు వెడల్పులో ఉక్కు 523 చదరపు ఎంఎం ఉండాల్సింది 491కి పడిపోతుంది. ఆరు శాతం ఉక్కు ఒక్క మాట వల్ల తగ్గింది. "సెంటర్ టు సెంటర్ 150" అని రాస్తే గొడవ లేదు.

కవరూ అంతే. ఐఎస్ 456లో కవర్ అంటే మెయిన్ రాడ్ల చుట్టూ కట్టే రింగులతో సహా అన్నిటికన్నా బయట ఉన్న ఉక్కు నుంచి కాంక్రీట్ అంచు దాకా. బీమ్‌కు "కవర్ 25" అని మాత్రమే రాస్తే, మెయిన్ రాడ్ నుంచి కొలిచే మేస్త్రీ చేతిలో 8 ఎంఎం రింగు బయట మిగిలేది 17. గోదావరి జిల్లాల ఉప్పుగాలికో, విశాఖ తీరానికో దగ్గరున్న ఇంటికి ఆ 8 ఎంఎం తేడా తుప్పు రూపంలో కనబడుతుంది. "రింగు బయటి అంచు నుంచి 25" అని నాలుగు మాటలు ఎక్కువ రాయాలి.

లెవల్స్ విషయంలో తప్పు ఎక్కువగా మెట్ల దగ్గర బయటపడుతుంది. డ్రాయింగ్‌లో "+3.150" అని ఉంటుంది. అది స్లాబ్ పైభాగమా, టైల్స్ వేశాక వచ్చే నేలా? ఒక్కో మెట్టు 150 ఎత్తుతో కాంక్రీట్‌లో పోశారు. తర్వాత కింద నేల మీద బెడ్డింగ్, టైల్ కలిపి 60 పడింది, మెట్ల మీద గ్రానైట్ 30 పడింది. మొదటి మెట్టు ఎత్తు 120 అయిపోతుంది, మిగతావి 150. పై నేల మీద కూడా 60 పడితే చివరి మెట్టు 180. రోజూ ఎక్కేవారి కాలు చివరి మెట్టు దగ్గర తడబడుతుంది. ఎవరిదీ తప్పు అన్నట్టు ఉండదు. లెవల్ రాసిన ప్రతిచోటా పక్కనే "స్లాబ్ పైభాగం" లేదా "ఫినిష్ నేల" అని ఉండాలి.

తేదీల మాట. తెలుగువాడికి నిన్న, రేపు వేర్వేరు మాటలు. సైటులో చాలామంది ఒడిశా, బిహార్, జార్ఖండ్‌ల నుంచి వచ్చినవారు. ఫోర్‌మన్ వారితో హిందీలో మాట్లాడతాడు. హిందీలో "కల్" అంటే నిన్నా అవుతుంది, రేపూ అవుతుంది. "పరసోఁ" అంటే మొన్న కావచ్చు, ఎల్లుండి కావచ్చు. వాక్యంలో క్రియ తేడా చెబుతుంది కాని, బోర్డు మీద ముక్కలుగా రాసినప్పుడు క్రియ ఉండదు. కాంక్రీట్ గట్టిపడేదాకా కింద ఆనించే ప్రాప్‌లు తీసే విషయంలో ఈ సందిగ్ధం ప్రాణాల మీదికి తెస్తుంది. ఐఎస్ 456 ప్రకారం 4.5 మీటర్ల దాకా ఉన్న స్లాబ్ స్పాన్‌కు ప్రాప్‌లు కనీసం 7 రోజులు, దాటితే 14 రోజులు. బీమ్‌లకు 6 మీటర్ల దాకా 14, దాటితే 21. ఈ రోజులు ఆర్డినరీ పోర్ట్‌లాండ్ సిమెంటుకు చెప్పినవి. పీపీసీ, అంటే పోర్ట్‌లాండ్ పోజోలానా సిమెంటు, వాడితే పెంచుకోవాలి కాబట్టి పోర్ కార్డులో సిమెంట్ రకం కూడా ఉండాలి. 5 మీటర్ల స్పాన్ స్లాబ్ 3వ తేదీన పోస్తే పిల్లర్ మీద పెయింటుతో "పోత 3, ప్రాప్ 17కి ముందు తీయొద్దు" అని అంకెలతో, పెద్ద ఎరుపు అక్షరాలతో, తెలుగులోనూ హిందీలోనూ రాయించాలి. చదువు రానివారికి పక్కన ప్రాప్ బొమ్మ వేసి దానిమీద కొట్టివేత గీత. సైటులో అందరూ చదివే రాత ఇదొక్కటే.

ప్రశ్న అడగడం, మాటను ఖరారు చేయడం

డ్రాయింగ్‌లో తేడా కనిపించినప్పుడు కాంట్రాక్టరు రాసే ప్రశ్న పత్రాన్ని ఆర్‌ఎఫ్‌ఐ అంటారు. మన సైట్లలో తరచూ కనిపించే రకం: "బీమ్ డిటైల్ క్లియర్‌గా లేదు, వివరణ ఇవ్వగలరు." దీనికి వారం తర్వాత వచ్చే జవాబు: "డ్రాయింగ్ ప్రకారం చేయగలరు." ఇద్దరూ కాగితం రాశారు, పని మాత్రం కదల్లేదు.

అదే ప్రశ్న ఇలా ఉంటే: "గ్రౌండ్ ఫ్లోర్ కప్పు, బీమ్ బి7, గ్రిడ్ సి మీద 3 నుంచి 4. ఎస్-204 రివిజన్ 3లో బీమ్ లోతు 600. స్లాబ్ పైభాగం నుంచి స్లాబ్ పైభాగానికి 3000. నేల ఫినిష్ 50 పోగా బీమ్ కింద మిగిలే ఎత్తు 2350. ఆర్కిటెక్ట్ డ్రాయింగ్ ఎ-112 రివిజన్ 2లో అక్కడే షట్టర్ ఓపెనింగ్ 2400 అడుగుతున్నారు, 50 తక్కువ. మార్గం ఒకటి: బీమ్ లోతు 550 చేయడం, దీనికి స్ట్రక్చరల్ లెక్క కావాలి. మార్గం రెండు: షట్టర్ ఎత్తు 2350 చేయడం. మా సూచన రెండోది, ఖర్చు తేడా లేదు. ఈ బీమ్ సెంట్రింగ్ 14న మొదలు. 12 సాయంత్రంలోగా జవాబు కావాలి. ఆలస్యమైతే బి7 ఆపి మిగతా బీమ్‌లు సాగిస్తాం." ఫొటో, డ్రాయింగ్ ముక్క జత చేస్తారు. జవాబిచ్చేవాడు "మార్గం 2, సరే" అని రాసి సంతకం పెడితే చాలు. మంచి ప్రశ్నకు జవాబు ఒక్క లైనులో వస్తుంది. జవాబు రెండు పేజీలు వచ్చిందంటే చాలాసార్లు ప్రశ్నలోనే తప్పుంటుంది. ఒక ఆర్‌ఎఫ్‌ఐలో ఒకే ప్రశ్న ఉండాలని అనుభవజ్ఞులు పట్టుబట్టేదీ అందుకే. నాలుగు ప్రశ్నలు కలిపితే మూడింటికి జవాబు వస్తుంది, నాలుగోది "ఆర్‌ఎఫ్‌ఐ క్లోజ్డ్" ముద్ర కింద కలిసిపోతుంది.

నోటిమాట ఆదేశాలు వేరే కథ. సైటు చుట్టూ తిరుగుతూ "ఈ గోడ తీసేయండి, అక్కడ కిటికీ పెట్టండి" అని యజమానో కన్సల్టెంటో చెప్పి కారెక్కుతారు. అంతర్జాతీయ కాంట్రాక్టుల్లో వాడే నమూనా షరతుల పుస్తకం, ఫిడిక్ (కన్సల్టింగ్ ఇంజనీర్ల అంతర్జాతీయ సమాఖ్య) 1999 ఎర్ర పుస్తకం, దీనికి ఒక దారి పెట్టింది. ఇంజనీరు నోటితో చెప్పిన ఆదేశాన్ని కాంట్రాక్టరు 2 పనిదినాల్లో రాసి పంపాలి. అందిన 2 పనిదినాల్లో ఇంజనీరు కాదనకపోతే ఆ రాతే ఆదేశం అవుతుంది. చిన్న ఇంటి పనిలో కూడా ఈ పద్ధతి వాడుకోవచ్చు: "ఈ రోజు ఉదయం 10:30కి మీరు చెప్పినట్టు వంటగది తూర్పు గోడ కూల్చి 4 అడుగుల కిటికీ పెడుతున్నాం. ఇది ఒప్పందంలో లేని పని. కూల్చడం, లింటెల్, చెత్త తరలింపుతో అదనం ఇంత. రేపు సాయంత్రంలోగా కాదని చెప్పకపోతే మొదలుపెడతాం." చివరి వాక్యం రాయడానికి చాలామంది మొహమాటపడతారు. ఆ మొహమాటం ఖరీదు ఫైనల్ బిల్లు రోజున తెలుస్తుంది.

అదే ఫిడిక్‌లో అదనపు గడువు, డబ్బు కోరే క్లెయిమ్‌కు 28 రోజుల్లో నోటీసు ఇవ్వాలనే షరతుంది. నోటీసులో పూర్తి లెక్క అక్కర్లేదు. ఏం జరిగింది, ఎప్పుడు, దానివల్ల గడువు కోరతాం అన్నంత చాలు. లెక్క తేలాక రాద్దామని ఆగి హక్కు పోగొట్టుకునేవారు చాలామంది.

ఆలస్యం ఖాతా

ప్రభుత్వ పనుల్లో హిండ్రన్స్ రిజిస్టర్, అంటే పనికి అడ్డొచ్చిన కారణాలు రాసే పుస్తకం, ఉంటుంది. అందులో ఎక్కువగా కనిపించేది "వర్షం వల్ల పని ఆగింది". గడువు పొడిగింపు అడిగినప్పుడు ఈ వాక్యానికి విలువ లేదు. పనికొచ్చే రాత ఇలా ఉంటుంది: "11వ తేదీ ఉదయం 9:20 నుంచి వాన. ఫుటింగ్ గుంతలు ఎఫ్12 నుంచి ఎఫ్18లో 400 ఎంఎం నీరు. 2 పంపులతో తోడాం. పీసీసీ (అడుగున వేసే రాడ్ లేని కాంక్రీట్) 13వ తేదీ ఉదయం 11కి మళ్లీ మొదలు. ఆగింది ఈ ఏడు ఫుటింగులే. ఎఫ్1 నుంచి ఎఫ్11 దాకా పని నడిచింది. 14 మంది ఖాళీగా ఉన్నారు." నడిచిన పనిని కూడా రాయడం ముఖ్యం. అన్నీ ఆగాయని రాసినవాడి రిజిస్టరును ఎవరూ నమ్మరు. అదే రెండు రోజుల్లో డ్రాయింగ్ కూడా ఆలస్యమైతే రెండూ విడివిడిగా రాయాలి, కాని పొడిగింపు లెక్కలో అవి నాలుగు రోజులు కావు, రెండే.

మెజర్‌మెంట్ బుక్, అందరూ ఎం-బుక్ అనేది, ఈ విషయంలో పాతకాలం నుంచి నిలిచిన క్రమశిక్షణ. పేజీలకు ముందే నంబర్లుంటాయి. తప్పు పడితే చెరపకూడదు, దిద్దకూడదు. గీత కొట్టి పక్కన సరైన అంకె రాసి పొట్టి సంతకం పెట్టాలి. కొట్టేసిన అంకె కూడా చదవగలిగేలా ఉండాలి. కప్పుబడిపోయే పనిని, అంటే పునాది గుంతను, రాడ్‌ను, మూసేముందే కొలిచి రాయాలి. 12 ఎంఎం రాడ్ మీటరుకు 0.888 కిలోలు, 16 ఎంఎంది 1.58. పొడవులు రాయకుండా టన్నులు మాత్రమే రాస్తే తర్వాత ఎవరూ సరిచూడలేరు.

వాట్సాప్‌ను వద్దనలేం. కాని అందులో వచ్చిన నిర్ణయాన్ని ఆ సాయంత్రమే ఈమెయిల్‌లోనో సైట్ ఆర్డర్ బుక్‌లోనో ఎక్కించాలి. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటోలోంచి తీసిన సమయం, చోటు వివరాలు పోతాయి. డాక్యుమెంట్‌గా పంపితే ఉంటాయి. కోర్టుకు ఎలక్ట్రానిక్ రికార్డు చూపాలంటే సర్టిఫికెట్ కావాలి. మునుపు సాక్ష్య చట్టంలోని 65బి సెక్షన్, 2024 జులై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియమ్‌లోని 63వ సెక్షన్. ఫోన్ మార్చి చాట్ పోగొట్టుకున్నాక సర్టిఫికెట్ దేనికి ఇస్తారు?

ఇల్లు కట్టుకునేవారి ఒప్పందం

పెద్ద ప్రాజెక్టుల్లో కనీసం ఫారాలుంటాయి. సొంత ఇల్లు కట్టుకునేవారు మేస్త్రీతో "ఎస్‌ఎఫ్‌టీకి ఇంత" అని నోటిమాటతోనో, అరపేజీ కాగితంతోనో మొదలుపెడతారు. గొడవ వచ్చేది రేటు మీద కాదు, ఏ ఎస్‌ఎఫ్‌టీ అన్నదాని మీద. స్లాబ్ వైశాల్యమా, గోడల బయటి కొలతా? సన్‌షేడ్ లెక్కలోకి వస్తుందా? బాల్కనీ పూర్తిగానా, సగమా? మెట్ల మీది హెడ్‌రూమ్, సంపు, సెప్టిక్ ట్యాంకు, పిట్టగోడ, కాంపౌండ్ వాల్ విడి రేటా, కలిపా? సెంట్రింగ్ సామాను ఎవరిది? క్యూరింగ్‌కు నీళ్లు పట్టే మనిషి కూలి ఎవరిది? ఈ ప్రశ్నలకు ఒక్కో లైను రాసి, ప్లాను మీద లెక్కలోకి వచ్చే భాగానికి రంగు పూసి, ఆ ప్లాను మీదే ఇద్దరూ సంతకం చేస్తే సగం తగాదాలు పుట్టవు. డబ్బు విడతలను నెలలతో కాదు, పనితో ముడిపెట్టాలి. "స్లాబ్ పడ్డాక" అని కాకుండా "స్లాబ్ పోసి, 10 రోజులు నీళ్లు పట్టాక" అని రాస్తే క్యూరింగ్ ఆగదు. పీపీసీ సిమెంటైతే అక్కడ 14 వేసుకోవాలి.

ఫ్లాట్ కొనేవారికి రెరా, అంటే రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం, కొంత రాతను తప్పనిసరి చేసింది. రిజిస్టర్ చేసిన అగ్రిమెంట్ లేకుండా ధరలో 10 శాతం మించి తీసుకోకూడదు. స్వాధీనం ఇచ్చిన 5 ఏళ్లలోపు నిర్మాణ లోపం చూపిస్తే బిల్డర్ 30 రోజుల్లో ఉచితంగా సరిచేయాలి. ఇక్కడ కూడా "బాత్రూమ్ లీక్ అవుతోంది" అన్న ఫోన్‌తో 30 రోజులు ఎప్పుడు మొదలయ్యాయో తేలదు. ఫ్లాట్ నంబరు, ఏ గోడ, నేల నుంచి ఎంత ఎత్తులో తడి, ఏ తేదీ నుంచి, పై ఫ్లాట్‌లో నీళ్లు వాడినప్పుడేనా లేక ఎప్పుడూనా అని రాసి, గోడకు టేపు ఆనించి తీసిన ఫొటో జత చేసి ఈమెయిల్ పంపితే లెక్క ఆ రోజు నుంచి నడుస్తుంది. ప్లంబర్ కూడా ఏ గోడ పగలగొట్టాలో తెలుసుకునే వస్తాడు.